వచ్చిన పని: సొంతపని

మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు. వరుసకు నాకు చిన్నాయన, నాయినకు పాలి తమ్ముడు. కానీ నాయిన నోట ఎప్పుడు విన్నా "కేసోడు" అనే వచ్చేది. "కేసోని ఎడ్లు మన చేన్ల పడ్డయ్", "కేసోడు కొత్త మోటరు ఏసిండంట". అవతలింట్లో నాయినను కూడా అట్లనే అనుకునేవాళ్లని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. తగువు పదకొండు గుంటల మీద. నలభై గుంటలైతే ఒక ఎకరం, లెక్క మీరే వేసుకోండి. గెట్టు ఎక్కడుండాలో నక్షా ఒక మాట చెప్పేది, పహాణీ ఇంకో మాట చెప్పేది, మా తాత పోయేముందు చెప్పింది మూడో మాట.

నల్లగొండలో మేం దిగే లాడ్జి గురించి రాద్దామని కూర్చుని కేసు దగ్గర మొదలుపెట్టాను. తప్పదు. ఆ కేసు లేకపోతే మాలాంటి వాళ్లకు లాడ్జి అనేదే తెలియదు.

మాది మునుగోడు దిక్కు లోపలి ఊరు. నైట్ హాల్ట్ బస్సు ఒక్కటే. రాత్రి ఊళ్లో ఆగి, పొద్దుగాల చీకట్లోనే నల్లగొండకు బయలుదేరేది. తిరిగి సాయంత్రం నాలుగున్నరకు నల్లగొండ బస్టాండులో కదిలేది. కోర్టు వరండాలో బంట్రోతు మా నంబరు పిలిచేసరికి నాలుగు దాటేది. వకీలు సాబ్ నల్లకోటు విప్పుకుంటూ బయటికి వచ్చి వచ్చే తారీఖు చెప్పేసరికి బస్సు పానగల్లు రోడ్డో, మునుగోడు రోడ్డో, ఏదో ఒక రోడ్డెక్కి పోయేది. పేషీ అంటే రాత్రి నల్లగొండలో నిద్ర అనే లెక్క.

నేను మొదటిసారి పోయింది 1989 ఎండాకాలం సెలవుల్లో. పదేండ్లు నాకు. పేషీకి నాతో పనేముంది, నా పండ్లను డాక్టరుకు చూపించమని అమ్మ తోలింది. మా ఊళ్లో అందరివీ గారపండ్లే. నవ్వితే గోధుమరంగు చారలు కనిపిస్తాయి. మేమంతా ఒకే తీరుగ ఉంటాం గనక ఊళ్లో ఎవరికీ ఎవరూ వింతగా కనిపించరు. డాక్టరు నోరు తెరిపించి చూసి, ఏ ఊరని అడిగి, చెప్పగానే మూసుకోమన్నాడు. "నీళ్లు మార్చుర్రి" అన్నాడు. నీళ్లు మార్చాలంటే ఊరు మార్చాలె. నాయిన ఫీజు ఇచ్చి బయటికి తీసుకొచ్చాడు. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

లాడ్జి గడియారం సెంటరుకు నాలుగడుగుల దూరం. బట్టల దుకాణానికీ స్టీలు సామాన్ల దుకాణానికీ నడుమ ఒక ఇరుకు దర్వాజా ఉండేది. తెలియనివాళ్లు దాన్ని ఎవరిదో ఇల్లనుకుని పోతారు. లోపలికి అడుగుపెడితే నడుమ ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, చుట్టూ వరండా, వరండాలోకి తెరుచుకునే గదులు. కింద ఎనిమిది, పైన ఆరు. నేలంతా షాబాదు బండలు. నల్లగొండ ఎండలు ఎట్లుంటయో ఆ దిక్కువాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం అంగీ విప్పి ఆ బండ మీద బోర్లా పడుకుంటే కడుపులోకి చల్లదనం దిగేది. వాకిట్లో ఒక మూలకు రాగి బాయిలరు, పక్కన తుమ్మకట్టెల కుప్ప. తెల్లారి ఐదింటికే పొగ మొదలయ్యేది. మనిషికి ఒక బకెటు ఉడుకునీళ్లు కిరాయిలోనే. రెండో బకెటుకు అర్ధరూపాయి. నాయిన ఎప్పుడూ రెండో బకెటు తీసుకోలేదు.

బస్టాండు దగ్గర ఇంతకంటే చవక గదులు ఉండేవి, వాటిలో నల్లులు కూడా ఎక్కువే. హైదరాబాదు రోడ్డు మీద ఆఫీసర్లు దిగే హోటళ్లు ఉండేవి, అక్కడ గేటు దగ్గరే మన చెప్పుల దిక్కు చూస్తారు. మాది ఈ రెంటికీ నడుమది. రెండు మంచాల గది రోజుకు ముప్పై ఐదు రూపాయలు. దుప్పటి ఉతికి ఉండేది. మంచాలు నవారువి, పైన సన్న పరుపు. గోడకు మేకులు, ఒక అద్దం, కిటికీ గూట్లో నీళ్ల రంజన్. చాబికి పిడికెడంత చెక్కముక్క కట్టి ఉండేది, జేబులో వేసుకుని పోకుండా. ఆ చెక్క మీద సలాకతో కాల్చి రాసిన 7. నాయిన వీలైనంత వరకు ఏడే అడిగేవాడు. ఆ గది కిటికీ నుంచి లతీఫ్ సాబ్ గుట్ట కనిపించేది. రాత్రి పైన దర్గా దగ్గర లైటు ఒకటి వెలిగేది. గాలి కూడా ఆ దిక్కు నుంచే.

గల్లా దగ్గర ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. తెల్ల లాల్చీ, ముక్కు చివర కండ్లద్దాలు, చేతిలో 'సియాసత్' పేపరు. అందరూ పెద్దసాబ్ అనేవాళ్లు. ఉర్దూ చదువు, నల్లగొండ తెలుగు. "రాండ్రి పటేలా, పేషీకా?" అని అడుగుతూనే రిజిస్టరు తిప్పి నాయిన ముందు పెట్టేవాడు. పొడుగ్గా, అట్ట అరిగిపోయిన పుస్తకం. పేరు, తండ్రి పేరు, ఊరు, వచ్చిన టైము, వచ్చిన పని, పోయిన టైము, సంతకం. 'వచ్చిన పని' దగ్గర నాయిన ఒక గడియ ఆగేవాడు. తర్వాత ముత్యాల్లాంటి అక్షరాలతో 'సొంతపని' అని రాసేవాడు.

మెట్లెక్కుతుంటే అడిగాను. "కోర్టు అని రాస్తే ఏమైతది నాయినా?"

"రేపు ఇంకెవడో అదే పేజీ సదువుతడు బిడ్డా. మనింటి లొల్లి ఊరోనికెందుకు?"

ఏ బస్సు కండక్టరును అడిగినా మా కేసు సంగతి సర్వే నంబరుతో సహా చెప్పేవాడు. అయినా సొంతపనే. నేను వెనక్కి చూసేసరికి గల్లా ముందు ఇంకో మనిషి వంగి రాస్తున్నాడు. చిన్నాయన. పొద్దున అదే బస్సులో వచ్చాడు. నాయిన డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటే ఆయన ఆఖరి సీట్లో. కోర్టులో నాయిన చింతచెట్టు కింద నిలబడితే ఆయన క్యాంటీన్ దగ్గర. ఆయన బస్సు కూడా పోయింది. మరి ఆయన మాత్రం ఎక్కడ దిగుతాడు? మర్నాడు పొద్దున నేను కావాలని గల్లా దగ్గరికి పోయి రిజిస్టరు చూశాను. మా గీత కింది గీతలో, నాయిన రాసిన పెన్నుతోనే, కొంచెం వంకరగా, 'సొంతపని'.

ఆ రాత్రి కరెంటు పోయింది. గదులన్నీ ఖాళీ అయి జనమంతా మేడ మీదికి చేరారు. చాపలు, తువ్వాలలు, విసనకర్రలు. మా సద్దిమూట అక్కడే విప్పాం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, రెండు ఉల్లిగడ్డలు. ఒక దిక్కు కాపురాల గుట్ట, ఒక దిక్కు లతీఫ్ సాబ్ గుట్ట, ఊరు వాటి నడుమ నల్లగా పరుచుకుని. పాతకాలంలో దీన్ని నీలగిరి అనేవాళ్లట. చీకట్లో చూస్తే నీలమూ నల్లనూ ఒకటే.

పక్క చాప మీద ఎవరో చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నారు. నాయిన తన అగ్గిపెట్టెను ఆ దిక్కు జరిపాడు. అగ్గిపుల్ల వెలిగితే చిన్నాయన ముఖం కనిపించింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు కొట్టుకుంటారనుకున్నా.

"బోరు ఎన్ని ఫీట్లు పోయింది?" అన్నాడు నాయిన, గుట్ట దిక్కు చూస్తూ.

"రెండొందలు. పొడి దుమ్మే."

"మాది గూడ గంతే."

తర్వాత ఎడ్ల రేట్లు మాట్లాడారు, దేవరకొండ అంగడి మాట్లాడారు, ఊళ్లో ఎవరి బిడ్డ పెండ్లి ఎందుకు చెడిందో మాట్లాడారు. చాలాసేపు. కేసు మాట రాలేదు. అమ్మకు చెప్తావా అని నాయిన నన్ను అడగలేదు, చెప్పొద్దని కూడా అనలేదు. మర్నాడు బస్సులో మళ్లీ ఒకరు ముందర, ఒకరు వెనక.

అప్పటి నుంచి సెలవుల్లో పేషీ పడిందంటే నేను కూడా తయారయ్యేవాణ్ణి. చాయ్ హోటల్లో ఉస్మానియా బిస్కెట్టు నాకు ఒక ఆశ, మేడ మీది రాత్రి ఇంకో ఆశ. వాళ్లిద్దరికీ అట్లాంటి ఆశ ఉండేదా అంటే, పేషీ ముందురోజు నాయిన అగ్గిపెట్టె ఊపి చూసుకుని, పుల్లలు తక్కువుంటే కొత్తది కొనుక్కోవడం నాకు గుర్తు. ఆయన చుట్ట, బీడీ ఏదీ తాగడు. అంతకు మించి నేనేమీ అనను.

ఒకసారి, ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో, నాయిన పొద్దున్నే వకీలు ఇంటికి పోయాడు. నేను వాకిట్లో బాయిలరు దగ్గర కూర్చున్నా. చిన్నాయన వచ్చి "పానగల్లు జూసినవారా?" అన్నాడు. గంటకు రూపాయి కిరాయి సైకిలు తెచ్చాడు. నేను వెనక కూర్చున్నా. నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో, ఉదయసముద్రం చెరువు గాలి ముఖానికి కొడుతుంటే పోయాం. ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోళుల కాలపు గుడి. నడుమ ఒకటే మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్లు. పడమటి గుడిలోని లింగం మీద పొద్దంతా ఒక స్తంభం నీడ నిలబడే ఉంటుంది. పొద్దు జరిగినా నీడ జరగదు. లింగానికి ఎదురుగా చూస్తే ఆ నీడకు సరిపోయే స్తంభమే లేదు. మండపం స్తంభాల నడుమ నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురుతో ఏర్పడే నీడ అది అని పెద్దయ్యాక చదువుకున్నా. ఆ పొద్దున మాత్రం గర్భగుడి ముందు చేయి అటూ ఇటూ ఊపి నీడ కదులుతుందేమోనని చూసినవాణ్ణే. చిన్నాయన గడప మీద కూర్చుని, "గీ నీడ లెక్కనే మన కేసు. దేనిదో దెల్వది, జరగదు" అన్నాడు. మన కేసు అన్నాడు. సరిగ్గా పదిగంటలకు నన్ను కోర్టు గేటు దగ్గర దింపి ఎరగనట్టు పోయాడు.

ఇక 1996 చెప్పాలి.

నేను అప్పుడు ఇంటర్ అయిపోయి నల్లగొండలోనే ఉన్నా. పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ నీళ్లు మా జిల్లాకు కావాలని, ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన జనం మాట ఢిల్లీకి వినపడాలని ఊరూరా నామినేషన్లు వేద్దామన్నారు. వేశారు. బరిలో మిగిలింది 480 మంది. దేశమంతా ఆశ్చర్యపోయింది గానీ మాకు ఆశ్చర్యం ఏమీ లేదు, మా ఒక్క దిక్కు ఊళ్లలోనే మోకాళ్లు వంగినవాళ్లు అంతకంటే ఎక్కువ మంది కదా. మా ఊరి నుంచి ఒక పెద్దాయన నిలబడ్డాడు. నడుము లేవదు, కాళ్లు విల్లులెక్క వంగి ఉంటాయి. డిపాజిట్ ఐదువందలు ఊరంతా చందా వేసింది. ప్రతిపాదించే సంతకం నాయినది. డబ్బులు పంచెకొంగున మూటగట్టుకుని వెంట వచ్చింది చిన్నాయన. ఊరు ఇద్దర్నీ ఒకే పనికి పెట్టింది, కాదంటే ఇద్దరికీ పరువు పోతుంది.

నేను లాడ్జి దగ్గరికి పోయేసరికి వాకిలి జాతరలెక్క ఉంది. వరండాలో కర్రలు, గోచీలు, సద్దిమూటలు. పెద్దసాబ్ పేపరు పక్కన పడేసి ఎవరికో గర్వంగా చెబుతున్నాడు: "1952ల మా నల్లగొండ రావి నారాయణరెడ్డికి నెహ్రూ సాబ్ కంటే ఎక్కువ ఓట్లు ఏసింది. గిప్పుడు గిది." మిగిలింది ఒకటే గది, ఏడు. మేం నలుగురం.

నాయిన పెన్ను తీసుకున్నాడు. 'వచ్చిన పని' దగ్గర ఎప్పటిలాగే ఆగాడు. ఆ పేజీ పైనుంచి కింద దాకా నామినేషన్, నామినేషన్, నామినేషన్. ఆయన 'నీళ్ల పని' అని రాశాడు. చిన్నాయన ఆ పెన్నే అందుకుని కింద అదే రాశాడు. పెద్దసాబ్ కండ్లద్దాలు దించి ఇద్దర్నీ చూసి, "ఆజ్ సొంతపని నహీ పటేలా?" అన్నాడు. ఇద్దరూ మాట్లాడలేదు.

గదిలో రెండు మంచాలు. ఒకటి పెద్దాయనకు. రెండోది నువ్వు పండుకో అంటే నువ్వు పండుకో అని కూడా వాళ్లు అనుకోలేదు, అనుకుంటే మాట్లాడుకున్నట్టు అవుతుంది. నాయిన నేల మీద తువ్వాల పరుచుకున్నాడు. చిన్నాయన ఆ పక్కన తన తువ్వాల పరుచుకున్నాడు. వాళ్ల నడుమ నేను, గెట్టులెక్క. రెండో మంచం రాత్రంతా ఖాళీగా ఉంది. చీకట్లో పెద్దాయన మూలుగుతూ మెల్లగా అడిగాడు: "గా మంచం మీద ఎవలు లేరేందిరా?" ముందు చిన్నాయనకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, నా భుజానికి తగిలిన ఆయన భుజం అదిరింది. ఇంకో పక్క నుంచి నాయిన నవ్వు. నా రెండు దిక్కుల బండలు కదిలినట్టే అనిపించింది.

తర్వాత సంగతి పేపర్లలో వచ్చిందే. అంతమంది పేర్లు పట్టే బ్యాలెట్ పేపరు లేక పుస్తకమే అచ్చేయాల్సి వచ్చి, మా ఎన్నిక వెనక్కి జరిగింది. "ఎలక్షన్లకు గూడ వాయిదానేనా" అన్నాడు నాయిన. ఓటేసే రోజు మా పెద్దాయన పేరు దొరికేదాకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడట, వెనక లైనులోవాళ్లు కేకలేశారట. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. అదే ఏడు తమిళనాడు మొడకురిచిలో అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డారు. ఇక పార్లమెంటు డిపాజిట్‌ను ఐదువందల నుంచి పదివేలు చేశారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. మాకు నీళ్ల కంటే ముందు ఇది వచ్చింది.

ఆ రాత్రి నవ్వుకున్నారు కదా, కేసు తెగిపోయిందేమో అనుకుంటే పొరపాటు. ఇంకో ఆరేండ్లు నడిచింది. 2002లో లోక్ అదాలత్‌లో రాజీ అయ్యారు. ఐదున్నర గుంటలు అటు, ఐదున్నర గుంటలు ఇటు. వకీళ్లకు ఇద్దరూ పోసింది లెక్కేస్తే రెండెకరాలు కొనేవాళ్లు. రాజీ అయ్యాక మాటలు కలిశాయి గానీ, నిజం చెప్పాలంటే అంత ముచ్చట మళ్లీ చూడలేదు. ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటే చుట్టూ జనం, మధ్యలో మరదళ్లు, వదినెలు. మేడ ఉండదు కదా. నాయిన 2011లో పోయాడు. ఏడో నంబరు గది అంతకు ముందే పోయింది. లాడ్జి కూలగొట్టి మూడంతస్తుల బట్టల షాపు కట్టారు. ట్రయల్ రూములున్న చోటే మా గది ఉండేదేమోనని ఒకసారి లెక్కేసి చూశాను, తేలలేదు.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన అని మొదలైంది. మా రెండు సర్వే నంబర్లలో పాత తప్పులే మళ్లీ తేలాయి. ఆ రాజీ డిక్రీ నకలు కావాలన్నారు. నకలు కోసం నల్లగొండ పోవాలి. నేను హైదరాబాదు నుంచి కారులో ఊరికి పోయి చిన్నాయనను ఎక్కించుకున్నా. అప్పటికే ఆయనకు డెబ్బై ఐదు దాటాయి, చేతికర్ర వచ్చింది, చుట్ట మానిపించారు. రికార్డు రూములో ఆ రోజు పని కాలేదు, రేపు రమ్మన్నారు. కారు ఉంది, రాత్రికి ఇంటికి పోయి పొద్దున రావచ్చు. ఆయనే అన్నాడు, "ఇయ్యాల ఈడనే పండుకుందాం తియ్" అని.

గడియారం సెంటరు దగ్గర ఒకసారి కారు ఆపమన్నాడు. బట్టల షాపు లైట్లు చూశాడు. "దర్వాజ గీడుండె" అన్నాడు కర్రతో మ్యానెక్విన్‌ను చూపించి. అంతే, పోదాం పా అన్నాడు.

హైదరాబాదు రోడ్డు మీద ఒక హోటలు. ఏసీ, లిఫ్టు, గల్లా దగ్గర టై కట్టుకున్న పిల్లగాడు. ఆధార్ కార్డులు అడిగాడు, ఫొటో తీసుకున్నాడు, కంప్యూటర్లో కొట్టుకున్నాడు. వచ్చిన పని అడగలేదు. చిన్నాయన బల్ల మీద మోచేతులు ఆనించి ఇంకా నిలబడే ఉన్నాడు, పుస్తకం ఎప్పుడు తన దిక్కు తిప్పుతారా అని.

"రెండు మంచాలున్న రూమేనా?" అని అడిగాడు.

"ట్విన్ బెడ్సే తాతా." పిల్లగాడు రెండు కార్డులనూ మార్చి మార్చి చూశాడు. ఇంటిపేరు ఒకటే, తండ్రుల పేర్లు వేరు. "సారు మీకు ఏమైతడు తాతా? రిలేషన్ కొట్టాలె."

చిన్నాయన నా దిక్కు చూడకుండానే నా భుజం మీద చేయి వేశాడు.

"మా కేసోని కొడుకు" అన్నాడు.